పుంటికూర పువ్వు రంగు చీర

మా నాయిన సావుకారి కింద మగ్గం నేయడం మానేసి గద్వాలలో సొంతంగా చీరల దుకాణం పెట్టింది ఒక రంగు కోసం. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనీ.

సావుకారి నూలూ పట్టూ ఇస్తాడు, ఏ రంగు నేయాలో కూడా ఆయనే చెప్తాడు. నాయిన నేసిచ్చి కూలి తెచ్చుకునేవాడు. పెళ్లయిన కొత్తలో అమ్మ పుంటికూర, అదే గోంగూర, పువ్వు తెంపుకొచ్చి, దీని రేకుల్లాగా లేత పసుపు చీరకు, నడుమ ఉన్న ముదురు ఎరుపు అంచు వేస్తే ఎంత బాగుంటదని అడిగిందట. నాయిన పోయి చెబితే, ఆ రంగు అమ్ముడుపోదని సావుకారి ఒక్క మాటలో తేల్చేశాడు. జుట్టు నెరిసేదాకా నాయినకు ఆ మాట గొంతులో ముల్లులాగే ఉండిపోయింది.

డబ్బు కోసమే ఎవరైనా వ్యాపారం పెడతారని నేను అనుకునేదాన్ని. మా దుకాణానికి ఒక పక్క రాజస్థాన్ నుంచి వచ్చినాయన మిఠాయి కొట్టు. వాళ్లింట్లో ఒకరి కింద పనిచేయడమంటే చిన్నచూపట, అందుకే ఇంత దూరం వచ్చానన్నాడు. ఇంకో పక్క రాయచూరు ఆమె చాయ్ హోటల్. మొగుడు వదిలేశాక అన్నదమ్ముల ముందు చేయి చాపలేక పెట్టుకుంది. మరి నీ సంగతేందని వాళ్లడిగితే నాయిన అమ్మ వైపు వేలు చూపేవాడు.

మొదటి చీర ఆ రంగుదే నేశారు. చీరకూ అంచుకూ పోగులు కలిపి మెలేయాలంటే మగ్గానికి అటువైపు రెండో మనిషి కూర్చోవాలి. అమ్మే కూర్చునేది. చీర దిగగానే నాయిన కట్టుకొమ్మన్నాడు. అమ్మ వినలేదు.

"బోణీ గాకముందే ఇంట్ల మనిషి కట్టుకుంటదా? కట్టుకునే మనిషి పైసలిచ్చి కొనుక్కపోవాలె. రెండోది నాకు నెయ్యి."

దుకాణంలో ఉన్న ఆ ఒక్క చీరా గోడకు వేలాడింది. వచ్చినవాళ్లు పట్టుకుని చూసి, రంగేందో గిట్లుందని వెళ్లిపోయేవారు. సావుకారి మాటే నిజమవుతుంటే నాకు ఒళ్లు మండేది. మిఠాయి కొట్టాయన జాలిపడి తాను కొంటానన్నాడు. నువ్వు కట్టుకుంటవా అని అమ్మ అడిగేసరికి చాయ్ హోటలామె పగలబడి నవ్వింది. మేమందరం కలిసి నవ్వుకున్నది అదే ఆఖరు.

రెండో చీర సగంలో ఉండగా అమ్మకు గుండె నొప్పి వచ్చింది. అటువైపు కూర్చునే మనిషి లేక మగ్గం ఆగిపోయింది. వనపర్తి దవాఖానలో మంచం మీద పడుకుని కూడా, బోణీ అయిందా అనే అడిగేది. అయిందని ఒక్క అబద్ధం చెప్పమని నాయినను బతిమాలాను. ఆమెకు అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాలేదు. ఆయన మీద నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మ బతికి ఇంటికి రాలేదు.

ఇంటి ముందు స్నానం చేయించాక ఆడవాళ్లు కొత్త చీర అడిగారు. నాయిన దుకాణానికి పోయి గోడ మీది చీర తెచ్చిచ్చాడు. అదే కట్టారు. అమ్మకు అది ఎంత బాగుందో చూసి నా గుండె పగిలిపోయింది. ఒంటి మీద నుంచి తీసిన పాత చీర కొంగుకు ఇంకా ముడి ఉంది. నాయిన విప్పితే అందులో పది రూపాయల నోటు. పొద్దున మొదటి బేరం కాగానే దుకాణాల వాళ్లు చేసినట్టే, దాన్ని రెండు కళ్లకూ అద్దుకున్నాడు.

"బోణీ అయిందే," అన్నాడు అమ్మతో.