ఎవరూ అడగని హాజరు

ఒకప్పుడు నన్ను పులివెందుల తాలూకాలో అడుగుపెట్టవద్దన్నారు. ఏడాదిపాటు. ఈ సంగతి ఎవరితోనైనా చెబితే వాళ్ళ చూపు ముందు నా చేతుల మీదికి పోతుంది, ఈ చేతులతో ఏం చేసి ఉంటాడా అని. పెద్ద ఘనకార్యమేమీ కాదు. వేముల దగ్గరి మా ఊళ్ళో తిరునాళ్ళకు ఎద్దుల చేత బండ లాగించే పందెం పెట్టారు. అవతలి పార్టీవాళ్ళు ముల్లుకర్రతో ఎద్దును పొడిచారని నేను అరిచాను. పొడవలేదని వాళ్ళు అరిచారు. అరుపుల్లో నన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు గనక, అవతలివాళ్ళకు కట్టెలు తీయడం తప్ప వేరే దారి దొరకలేదు. కట్టెలు వాళ్ళు తీశారు గానీ మొదటి దెబ్బ నాదే. అది తగిలింది మా చిన్నాయన కొడుకు తలకు. ఒకే ఇంటి పేరు, ఒకే తాత, రెండు పార్టీలు.

ఎవరూ చావలేదు. అయినా రెండు వైపులా నోరున్నవాళ్ళను ఏరి, ఏడాదిపాటు తాలూకా పొలిమేర దాటి లోపలికి రాకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. తలారి తప్పెట కొట్టి మరీ ఊరంతా వినేటట్టు చాటాడు. చిన్నాయన కొడుకు నెత్తికి కట్టుతోనే కదిరి వైపు వెళ్ళిపోయాడు. నేను పెళ్ళాన్ని వెంటబెట్టుకొని ప్రొద్దుటూరు చేరాను. అప్పటికింకా కర్నూలే రాజధాని.

ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లులో శనక్కాయల మూటలు తూకం వేయించే పని దొరికింది. పని బాగానే ఉండేది. మనుషులతోనే చిక్కు. కొత్తవాడు కనబడితే మొదటి మాట "మీది యా ఊరప్పా?" అనే గదా. ఊరు చెబితే రెండో మాట "ఆ పందెం కొట్లాట ఊరేనా?" అని. ఆ రెండో మాటకు జడిసి, మొదటి మాటకే "జమ్మలమడుగు పక్క" అని చెప్పడం అలవాటు చేసుకున్నాను. సొంత ఊరి పేరు నోట్లోనే మింగినవాడికి ఇంక గొంతు ఎక్కడినుంచి వస్తుంది? మిల్లులో నేను మెల్లగా మాట్లాడే మనిషినని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు సిగ్గేసేది.

నాకు ఒక్కతే అక్క. ఆమెను ఇచ్చింది తొండూరు పక్కన, ముద్దనూరు నుంచి పులివెందుల పోయే రోడ్డు మీదే ఉన్న పల్లెకు. అంటే ఆమె ఇల్లూ నాకు నిషేధమైన తాలూకాలోనే. కొట్లాట కేసు వాయిదాలకు మాత్రం నన్ను పులివెందుల రానిచ్చేవాళ్ళు. దానికొక పద్ధతి ఉండేది. బస్సు దిగగానే నేరుగా స్టేషనుకు పోయి ముఖం చూపించాలి. అక్కడినుంచి ఒక కానిస్టేబులు కోర్టుకు తోడొస్తాడు, సాయంత్రం తనే బస్సెక్కిస్తాడు. దారిలో ఎక్కడా దిగకూడదు.

వాయిదా రోజు తెలుసుకొని అక్క ఎండలో రోడ్డు మీద నిలబడేది. పక్కన మేనకోడలు. అక్క చెయ్యెత్తితే బస్సు ఆగేది. కిటికీలోంచి సంగటి మూట అందించి, "దిగి రెండు మాటలు మాట్లాడి పో నాయనా, ఎవరు చూసినారు?" అనేది. నిజానికి ఆ బస్సులో ఏ పోలీసూ ఉండేవాడు కాదు. అయినా నేను దిగలేదు. "ఆర్డరుందక్కా" అనేవాణ్ణి. డ్రైవరు కూడా తొందరపెట్టకుండా కాసేపు చూసి, నేను లేవనని తేలినాక బండి కదిలించేవాడు.

ఏడాది తీరింది. నిషేధం పెట్టేటప్పుడు తప్పెట కొట్టినవాళ్ళు తీసేటప్పుడు కొట్టరు. కాగితం రాదు, కబురు రాదు. గడువు దానంతటది వెళ్ళిపోతుంది, అంతే. మిల్లులో ఒక మామూలు రోజు, మూటలు దిగుతున్నప్పుడు, ఇవాళ్టితో నాకు అడ్డు లేదని గుర్తొచ్చింది. సంతోషం వస్తుందేమోనని చూశాను. రాలేదు. అక్క ఇంటికి పోదామని పెళ్ళాం అంటే, మిల్లులో పని ఎక్కువగా ఉందన్నాను. మరుసటి నెలా అదే అన్నాను. కేసు కూడా రాజీతో కొట్టుడుపోయింది. ఏడాది పైన ఇంకో ఏడాది నా అంతట నేనే వేసుకున్నానన్నమాట.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మేనకోడలికి పెళ్ళి కుదిరింది. తెలుగువాళ్ళ మధ్య ఉన్న గీతను చెరిపేశామని టీకొట్లో పేపరు పెద్దగా చదువుతున్న రోజులవి. హైదరాబాదు దాకా చెరిగింది గానీ ముద్దనూరు దాటినాక ఉన్న నా గీత మాత్రం అట్లాగే ఉంది.

పెళ్ళిబట్టలు కొనడానికి అక్క తనే ప్రొద్దుటూరు వచ్చింది. బట్టలు ఒక సాకు. నన్ను పిలవడానికే వచ్చింది. మా వైపు పెళ్ళికూతురు తనంత తాను నడిచి పందిట్లోకి రాదు. మేనమామ ఎత్తుకొని తేవాలి. ఆడపిల్ల పుట్టిన రోజునుంచీ ఆ ఇంట్లో మేనమామకు జరిగే మర్యాద అంతా ఆ ఒక్క పని కోసమే అనిపిస్తుంది. అక్క నాకు బొట్టు పెట్టి, నా చెయ్యి పట్టుకొని చెప్పింది.

"చీర తేకపోయినా పర్వాలేదు, మెట్టెలు తేకపోయినా పర్వాలేదు. నువ్వు రావాల. మా మామ ఎత్తుకుంటేనే పందిట్లోకి వస్తానని పాప ఒకటే పాట పాడతాంది. రాకుంటే నా మొగం యాడ పెట్టుకోవాల?"

"వస్తానక్కా" అన్నాను. గట్టిగానే అన్నాను.

ముహూర్తం పొద్దెక్కినాక. మొదటి బస్సుకే బయలుదేరాం. మేనమామ సారె అంతా ఒక వెదురుబుట్టలో సర్ది నా పెళ్ళాం ఒళ్ళో పెట్టుకుంది. ప్రొద్దుటూరు నేత చీర, మెట్టెలు, కొబ్బరికాయలు, పసుపు కుంకుమ. జమ్మలమడుగులో బస్సు ఆగినప్పుడు ఆమె పూలు కొని తల్లో పెట్టుకుంది. నాతో పెళ్ళయినప్పటి నుంచి ఆమెను అంత ఉషారుగా చూసింది తక్కువ. ముద్దనూరు దాటింది. తాలూకా పొలిమేర దగ్గర నాకు చెమట పట్టింది. ఎండ అనుకున్నాను.

అక్క పల్లె వచ్చింది. రోడ్డు పక్కనే అరటిపిలకలు కట్టి ఉన్నాయి, మేళం వినపడుతోంది. కండక్టరు ఈల వేశాడు. పెళ్ళాం బుట్ట ఎత్తుకొని దిగి, వెనక్కి తిరిగి చూసింది. నేను సీట్లోనే ఉన్నాను.

"దిగు" అంది.

"నువ్వు పదా. నేను పులివెందుల పోయి స్టేషనులో ఒక మాట చెప్పి వస్తా."

"ఏం మాట? ఆర్డరు తీరిపాయ గదా. ఇంకా ఎవురికి కనపడాల నువ్వు?"

"పందిట్లోకి పోలీసోళ్ళు వస్తే అక్కకు తలవంపులు. చెప్పి వస్తే ఏ గొడవా ఉండదు. ముహూర్తానికి ఇంకా టైముంది."

"నీకు ముహూర్తం ఈడుందా, ఆడుందా?" అని బస్సంతా వినేటట్టు అడిగింది. జవాబు కోసం ఆగలేదు. బుట్ట నడుముకు ఆనించుకొని పందిరి వైపు నడిచింది. బస్సులో అందరూ నన్నే చూశారు. ఒకప్పుడైతే ఆ చూపులకు నలుగురిని నాలుగు తిట్టేవాణ్ణి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

స్టేషను ముందుగదిలో హెడ్ కానిస్టేబులు ఒక్కడే ఉన్నాడు. నాకు తెలిసిన మనిషి కాదు. ఎస్సైగారు క్యాంపుకు పోయినారు, కూచో అన్నాడు. గోడ దగ్గర ఒక బెంచీ ఖాళీగా ఉంది. నేను బెంచీ మీద కూర్చోలేదు. బెంచీ పక్కన నేలమీద, గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నాను. వాయిదాలకు వచ్చినప్పుడు నా చోటు అదే. పెళ్ళి కోసమని వేసుకున్న కొత్త పంచకు దుమ్ము అంటుకుంటోందని తెలుస్తూనే ఉంది.

ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఎస్సైగారు రాలేదు. హెడ్ కానిస్టేబులు నన్ను మరిచిపోయాడు. గుమ్మం దాకా పోయి రోడ్డు చూసి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. పొమ్మని ఎవరూ అనలేదు గదా, ఎట్లా పోవడం? ఉండమని కూడా ఎవరూ అనలేదన్న సంగతి ఆ మూలన కూర్చున్నవాడికి తోచలేదు. పందిట్లో పాప తయారై కూర్చొని ఉంటుంది. అక్క వీధిలోకి తొంగి చూస్తూ ఉంటుంది. ఇవన్నీ తెలుసు. తెలిసీ కూర్చున్నాను.

చివరికి హెడ్ కానిస్టేబులే నన్ను చూశాడు.

"ఎవరప్పా నువ్వు? పొద్దున్నుంచి కూచున్నావు. ఏమన్నా పోగొట్టుకున్నావా?"

లేచి చేతులు కట్టుకొని చెప్పాను. పందెం కొట్లాట, ఆర్డరు, మా అక్క ఊరు, పెళ్ళి, నేను మేనమామనని, అంతా. నాకే వినపడనంత మెల్లగా చెప్పాను.

"గడువు ఎప్పుడు తీరింది?"

"పోయినేడు సార్."

"తీరిపోతే ఈడికెందుకొచ్చినావప్పా?"

అతను నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదది. ఎగతాళి చేసుంటే నాకు కొంచెమైనా కోపం వచ్చేది, ఆ కోపంతోనైనా లేచి పరుగెత్తేవాణ్ణి. జాలిపడి నవ్వాడు. లోపలున్న ఇంకొకాయన్ను పిలిచి, "ఇట్ట చూడప్పా, ఈయన పాపం పెండ్లికి పోతా మనల్ని అడిగిపోదామని వచ్చినాడంట" అన్నాడు. పాపం ఎండన పడి వచ్చినాడని టీ తెప్పించారు. తాగు అన్నాడు. తాగాను. మేనకోడలి ముహూర్తం దాటిపోతుంటే, పోలీసు తాగమన్నాడని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడి తాగాను. నా బతుకులో చేసిన పనులన్నిటిలో ఆ టీ తాగడమే తలుచుకోలేను.

బస్సు లేదు. శనక్కాయల లారీ ఒకటి దొరికితే మూటల మీద కూర్చొని వచ్చాను. ఆ పల్లెలో లారీ దిగి పందిరి వైపు పోతుంటే గట్టిమేళం ఆగి మామూలు మేళం మొదలైంది. అంటే తాళి కట్టేశారు.

పందిట్లో జనం జరిగి దారి ఇచ్చారు. మేనమామకు ఇచ్చే దారి కాదు, ఎందుకు ఆలస్యమైందో విందామని ఇచ్చిన దారి. పీటల పక్కన, మేనమామ కూర్చోవలసిన చోట, మా చిన్నాయన కొడుకు ఉన్నాడు. వరసకు అతనూ అక్కకు తమ్ముడే. ముందురోజు సాయంత్రమే కదిరి నుంచి పెళ్ళాంబిడ్డలతో నేరుగా వచ్చి ఇంట్లో దిగాడట. అయ్యవారు తొందరపెడుతుంటే, ముహూర్తం దాటిపోతుంటే, అక్క ఏడ్చుకుంటూ అతన్ని పిలిచి, నువ్వు ఎత్తుకో నాయనా అందట. అతను ఎత్తుకొని తెచ్చాడు. నేను కొట్టిన దెబ్బ తాలూకు మచ్చ అతని నొసటి పైన, వెంట్రుకల మొదట్లో, అందరికీ కనపడుతోంది.

అక్క నన్ను చూసి పరుగున వచ్చింది. నా పంచకంటిన దుమ్ము చూసింది.

"పోలీసోళ్ళు పట్టుకున్నారా నాయనా? కొట్టినారా?" అని నా ముఖం, భుజాలు తడిమింది. "వాళ్ళ చేతులు పడిపోను. నిన్ను పెండ్లికన్నా రానీలేదే!"

అవునంటే చాలు. పందిరంతా నా పక్కకు వచ్చేది. పౌరుషం ఉన్న మనిషి గదా, పోలీసులు ఊరుకుంటారా అనేవాళ్ళు. పక్కన పెళ్ళాం బుట్ట పట్టుకొని నిలబడి ఉంది. నేనెక్కడికి పోయానో ఆమె అక్కకు చెప్పినట్టు లేదు. ఏమంటానో చూస్తూ ఉంది.

"ఎవరూ పట్టుకోలేదక్కా" అన్నాను. "నేనే పోయి కూచున్నా."

"కూచున్నావా? ఎందుకు?"

"చెప్పి వద్దామని."

అక్క చేతులు నా భుజాల మీదినుంచి తీసేసింది. కోపంతో తీయలేదు. అర్థం కాక తీసింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు, ఎవరో ఊరుకోమన్నారు. తల దించుకుందామన్నా దించినచోటే దుమ్ము పట్టిన పంచ కనపడుతోంది.

అప్పుడు చిన్నాయన కొడుకు లేచి నా దగ్గరికి వచ్చాడు. కొట్లాట తర్వాత మేమిద్దరం ఎదురుపడడం అదే మొదలు.

"పోనీలేన్నా" అన్నాడు మెల్లగా. "తాలూకా పొలిమేర వచ్చేసరికి నాకూ గుండె దడదడలాడింది. బస్సులో కండ్లు మూసుకొని కూచున్నా. తెరిచేసరికి ఈ ఊరొచ్చింది."

నన్ను కాపాడదామనే అన్నాడు. తల పగలగొట్టించుకున్నవాడు నా పరువు నిలబెడుతున్నాడు. అతనికీ భయమే, నాకూ భయమే. అతను కళ్ళు మూసుకొనైనా వచ్చాడు. అతని చెయ్యి పట్టుకున్నాను. అతను తన చోటు నాకిచ్చి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

తలంబ్రాలైనాక అందరితోపాటు నేనూ అక్షింతలు తీసుకొని పీటల దగ్గరికి పోయాను. పాప నుదుటికి బాసికం కట్టి ఉంది. దాని కిందినుంచి కళ్ళెత్తి నన్ను చూసింది. ఏడ్చిన కళ్ళే గానీ అప్పుడు ఏడవడం లేదు. అల్లుడికి వినపడకుండా అడిగింది.

"మామా, మా ఇంటికి రావాలంటే పోలీసోళ్ళను అడగాల్నా?"

"అక్కర్లేదమ్మా" అన్నాను.

"మరి?" అంది.

చెయ్యి ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే ఉన్నాను. వెనక ఎవరో అక్షింతలు వేయడానికి తొందరపడుతుంటే, నా అక్షింతలు పిడికిట్లోనే ఉండగా పక్కకు జరిగాను.