ఆర్చీ గెడ్డెస్ వంతెన

ఆర్చీ గెడ్డెస్ దిగువ సభకు ఎన్నికైన రోజున అతని పెళ్ళాం ఎల్స్‌పెత్ పొగడనూ లేదు, మురిసిపోనూ లేదు. "వెళ్ళు. వంతెన తీసుకురా. తెచ్చాక కొలిమి దగ్గరికి వచ్చి నీ పని నువ్వు చూసుకో" అంది. ఆమె తమ్ముడు డూగల్ ఊరి పక్కనున్న వైటోరా ఏరు దాటబోయి వరదలో కొట్టుకుపోయాడు. ఆ దేశంలో ఏర్లు మింగిన మనుషులకు లెక్క లేదు. అయినా ఇంటి మనిషి పోతే ఏరు వేరేగా కనిపిస్తుంది. ఎల్స్‌పెత్ ఆ తర్వాత ఒడ్డుకు పోవడమే మానేసింది.

ఆర్చీకి ప్రసంగాలు రావు. గుర్రాలకు లాడాలు కొట్టిన చేతులు సభలో ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలిసేది కాదు. సమావేశాలు వచ్చినప్పుడల్లా కొలిమి జీతగాడికి అప్పగించి ఓడెక్కేవాడు. దారి పొడుగునా వాంతులు చేసుకుని రాజధాని వెల్లింగ్టన్‌లో దిగేవాడు. గొర్రెల మందల దొరలు ఒక పక్క, చిన్న రైతుల పక్షాన ఆర్చీ వాళ్ళు ఒక పక్క కూర్చుని రోజుల తరబడి ఒకరినొకరు తిట్టుకుంటుంటే విని విని అతని తల ప్రాణం తోకకొచ్చేది. అలా మూడు సమావేశాలయ్యాక, పెద్ద మందల మీద పన్ను వేసి ఆ డబ్బుతో వైటోరా మీద వంతెన కట్టాలన్న బిల్లు సభ ముందుకొచ్చింది. ఓటింగు పై వారం అన్నారు.

ఆ మర్నాడు పొద్దున హెరిక్ దొర అతన్ని వరండాలో ఆపాడు. హెరిక్‌కి పెద్ద పెద్ద మందలున్నాయి. వంతెన బిల్లును అందరికంటే గట్టిగా తిట్టింది ఆయనే. ఇప్పుడు టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"గెడ్డెస్ గారూ, మా ఆవిడకి బాగాలేదు. డాక్టరు ఆశ వదులుకోమన్నాడు. ఓడ గంటలో బయల్దేరుతుంది. మీరు నాతో జోడీ కడతారా?"

జోడీ అంటే మాట, అంతే. సంతకం ఉండదు, సాక్షి ఉండడు. ఇటువాడొకడు లేకపోతే అటువాడొకడు కూడా ఓటు మానుకుంటాడు. లేనివాడు తిరిగొచ్చేదాకా ఆ మాట నిలవాలి.

"మీ వాళ్ళు పంపరా?" అన్నాడు ఆర్చీ.

"ఒక్క ఓటు తగ్గినా కొంప మునుగుతుందట. మా వాళ్ళకి ఆవిడ చావు కంటే ఆ బిల్లు పెద్దది."

ఆర్చీ ఎంతోసేపు ఆలోచించలేదు. అలసిపోయిన మనిషికి ఆలోచన కూడా బరువే. "వెళ్ళండి. మీరొచ్చేదాకా నేను ఓటెయ్యను" అని చెయ్యి కలిపాడు.

హెరిక్ ఓడ రేవు దాటిందో లేదో, వంతెన బిల్లు ఆ మధ్యాహ్నమే ఓటింగుకని కబురొచ్చింది. అటువైపు ఇంకో ఇద్దరు జ్వరంతో పడ్డారని ఆర్చీ పక్షం విప్ పెండర్‌కి తెలిసింది. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదనుకున్నాడు.

ఓటెయ్యకపోయినా తన వంతెన గురించి ఏం మాట్లాడతారో విందామని ఆర్చీ లోపలికెళ్ళి, పొయ్యి పక్కన చివరి బెంచీలో కూర్చున్నాడు. గంట మోగగానే బయటికి వెళ్ళిపోవచ్చు. గంట మోగాక కాసేపు ఆగి తలుపులు మూసి తాళం వేస్తారు. ఆ తాళం పడ్డాక లోపల ఉన్నవాడు అటో ఇటో ఓటెయ్యక తప్పదు.

ఆర్చీ నిద్రపోయాడు. పొయ్యి వెచ్చగా ఉంది. జీవితమంతా సమ్మెట మోత పక్కన కునుకు తీసినవాడికి గంట ఏం వినిపిస్తుంది! పెండర్ పక్కనే ఉండి లేపలేదు. పైగా మోకాలి మీద కోటు కూడా సర్దాడు, మహానుభావుడు.

తాళం పడ్డాక కుదిపాడు. "లే, ఆర్చీ. దేవుడే నిన్ను జోకొట్టాడు."

ఆర్చీ తలుపు వంక చూసి గబగబా లేచాడు. "అయ్యా, నేను జోడీలో ఉన్నాను. బయటికి పోనివ్వండి" అన్నాడు సభాపతితో.

"జోడీలు మీలో మీరు చేసుకునే ఏర్పాట్లు. సభకు సంబంధం లేదు. తలుపు తియ్యడం కుదరదు" అన్నాడు సభాపతి.

పెండర్ చెవిలో అన్నాడు: "అటూ ఇటూ సరిసమానం. నువ్వు మాతో వస్తే వంతెన వచ్చినట్టే. నువ్వు కావాలని ఉండిపోలేదుగా! ఎవడేమంటాడు?"

నిజమే, ఎవడూ ఏమీ అనడు. తాను బయట ఉండి ఉంటే ఓట్లు సమానమయ్యేవి. అప్పుడు సభాపతి ఆనవాయితీ ప్రకారం ఉన్నది ఉన్నట్టు ఉంచమనేవాడు, బిల్లు పోయేది. అంటే ఇప్పుడు గెలిస్తే హెరిక్ ఇక్కడ లేకపోబట్టే గెలిచినట్టు. ఆర్చీకి ఎల్స్‌పెత్ ముఖం కనిపించింది. టోపీ పట్టుకున్న ఆ ముసలి చేతులూ కనిపించాయి. ఏడుపొచ్చింది. కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, వంతెన వద్దనేవాళ్ళ మధ్య నిలబడ్డాడు. బిల్లు ఒక్క ఓటుతో పోయింది.

పెండర్ ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. గొర్రెల దొరలు వీపు తట్టారు, అది ఇంకా భరించలేకపోయాడు.

సమావేశాలు ముగిసి వైటోరా ఒడ్డున బండి దిగేసరికి సాయంత్రమైంది. ఎగువన కొండల్లో వానలు, ఏరు ఎర్రగా పొంగుతోంది. రేవు గంట కొడితే టామ్ ముసలాడు పడవ తెచ్చాడు. కబురు తనకంటే ముందే ఊరు చేరిందని ఆర్చీకి ఆ ముఖం చూడగానే తెలిసిపోయింది.

"ఏం సభ్యుడు గారూ, వంతెన మీద నడిచి వెళ్తారనుకున్నానే! నా పడవెక్కుతారా?"

"ఎక్కుతాను, టామ్."

"నా పొట్ట కొట్టకుండా కాపాడారు. దణ్ణాలు" అన్నాడు టామ్. తెడ్డేసుకుంటూ ఊరి ఒడ్డుకు చేర్చాడు. దించాక, ఏరు తగ్గేదాకా ఇక పడవ వెయ్యనని ఒడ్డున కట్టేసి పోయాడు.

ఇంట్లో ఎల్స్‌పెత్ కుండలో గంజి తిప్పుతోంది. తల ఎత్తలేదు.

"నిజమేనా?"

"నిజమే." జరిగిందంతా చెప్పాడు. నిద్రపోయిన సంగతి కూడా దాచలేదు.

"మా డూగల్ కంటే ఆ గొర్రెల దొర ఎక్కువయ్యాడా నీకు?"

ఆర్చీ కోటు విప్పి మేకుకు తగిలించాడు.

"ఆవిడ బతికిందా?" అంది గంజి తిప్పుతూనే.

"లేదు. ఆయన వెళ్ళేసరికి ఇంకా తెలివిగానే ఉందట. చివరిదాకా చెయ్యి పట్టుకుని ఉన్నాడట."

ఎల్స్‌పెత్ గరిట పక్కన పెట్టింది. "డూగల్ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు" అంది. ఆమె గిన్నెలో గంజి పోసి అతని ముందు పెట్టింది, కాని కూర్చోలేదు.

అప్పుడు అవతలి ఒడ్డున రేవు గంట మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. ఎవరికో తొందరగా ఉంది. టామ్ వెళ్ళడని ఇద్దరికీ తెలుసు. ఆర్చీ గిన్నె పక్కకు జరిపి కోటు తీసుకున్నాడు.

"నువ్వెళ్ళి ఏం చేస్తావు? నీకు ఈతైనా రాదు."

"ఏం చెయ్యలేను. దిగొద్దని కేకేస్తాను. ఏరు తగ్గేదాకా ఇటువైపు ఒక మనిషి ఉన్నట్టు వాళ్ళకి కనిపించాలి గదా."

ఎల్స్‌పెత్ అతని వంక చూసింది. గంజి మీద మూత పెట్టి, శాలువా కప్పుకుని, అన్నేళ్ళ తర్వాత మొదటిసారి ఏటి వైపు నడిచింది.