అడ్డసాళ్ల పెద్దమ్మ

రోహిణికార్తె ఎండలో, అన్నం ముందు కూర్చున్నప్పుడు వచ్చింది కబురు. మా ఊరి నుంచి కొత్తగూడెం వచ్చిన చుట్టపాయన గుమ్మంలోనే నిలబడి, "మీ పెద్దమ్మ పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ తాగి ఒరిగింది, గంతే" అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు నా నోట్లోంచి ఊడిపడ్డ మాట వింటే మీరు నవ్వుతారు. "అయ్యో, చేను ఇంకా దున్నలేదు కదా!" అన్నాను.

ఆ మాట ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా నాన్న, పెద్దనాన్న అన్నదమ్ములు. అడవి అంచున గుట్టవాలులో ఉన్న తాత చేను పంచుకున్నప్పుడు న్యాయం కోసం దాన్ని నిలువుగా చీల్చారు. పైనున్న రాళ్లనేల చెరికొంత, కింది మంచినేల చెరికొంత. పంపకం ధర్మంగానే జరిగింది, చేనే నాశనమైంది. ఇరుకైన పొడుగు ముక్కను అడ్డంగా దున్నాలంటే మాటిమాటికీ ఎడ్లను తిప్పాలి, ఎవరికుంది ఓపిక? ఇద్దరూ పైనుంచి కిందికి నిలువుసాళ్లు కొట్టారు. వాన పడితే ప్రతి సాలూ ఒక కాలువే, ఎర్రమన్నంతా వాగు పాలు. మధ్యనున్న గట్టు కూడా కొట్టుకుపోతే, నువ్వు జరిపావంటే నువ్వు జరిపావని ఇద్దరూ మాటలు మానేశారు. ఏం చెప్పుకోవాలన్నా పెద్దమ్మ నోటితోనే.

ఆమె ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. మబ్బు పడితే చాలు, కాలుగాలిన పిల్లే. గోనెసంచి నెత్తిన కప్పుకుని చేనుకు ఉరికేది, నీళ్లు ఎటు తెగుతున్నాయో చూడ్డానికి.

"ఏమే, పిడుగు పడి సస్తవ్!" అని పెద్దనాన్న అరిచేవాడు.

"మన్ను పోయినంక బతికి ఏం తింటమయ్యా?" అంటూ వెనక్కి తిరగకుండా పోయేది.

నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు జొన్న విత్తగానే పెద్దవాన కొట్టింది. వారం తిరిగినా చేలో మొలక లేదు. పెద్దమ్మ మా ఇంటికొచ్చి నాన్నను రెక్క పట్టి వాగుకు లాక్కెళ్లింది. నేనూ వెంటపడ్డాను. వాగు మలుపులో ఇసుకమేట మీద జొన్నమొలకలు, పచ్చగా, ఒత్తుగా!

"సూడు మరిదీ. ఇందుల నీ గింజేది, మీ అన్న గింజేది? చెప్పు, ఏరి ఇస్త."

నాన్న వంగి ఒక మొలక పీకి చూశాడు.

"గట్టు కోసం కొట్లాడుకోండ్రి, వద్దన్ననా? గట్టు కింద మన్నుండాలె గద!"

మళ్లీ విత్తేటప్పుడు రెండు ముక్కల మీదుగా, మధ్యలో ఆగకుండా, వాలుకు అడ్డంగా సాళ్లు పడ్డాయి. అన్నదమ్ముల చేత మాట్లాడించలేకపోయింది కానీ అరకను మాత్రం ఇటునుంచి అటు నడిపించింది. హద్దుకు పైనొక రాయి, కిందొక రాయి. కోత ఎవరిది వారిదే. లోతుగా దున్నితే ఊరుకునేది కాదు. "గింజ దాగితే చాలు, బాయి తవ్వుతున్నరా?" అనేది. జొన్న కోశాక మోకాలెత్తు కొయ్యకాళ్లు వదిలేయించేది, కంది ఆకు రాలింది రాలినట్టే ఉండాలి. నాన్నకేమో అగ్గిపెట్టి శుభ్రం చేస్తేగానీ మనసొప్పదు. అగ్గిపెట్టె లాక్కుని మరీ చెప్పేది: "తుడిచిన వాకిలి ముద్దుగుంటది మరిదీ, తుడిచిన చేను వాగుల కలుస్తది."

ఊళ్లో నవ్వారు. "ఏంది వదినె, మీ చేను తల దువ్వుకోదా?" అన్నాడొకాయన.

"దువ్వితే ఊడుతదిరా, నీ నెత్తి సూస్కో!" అంది. పాపం ఆయనది బట్టతల.

మన్ను పోవడం పూర్తిగా ఆగిందని చెప్పను. పెద్దవానకు తెగిన చోటల్లా కొమ్మలూ రాళ్లూ అడ్డం వేస్తూనే ఉండేది. కానీ ఏటికేడు చేలోంచి దిగే నీళ్ల ఎరుపు తగ్గింది, విత్తిన గింజ విత్తిన చోటే మొలిచింది. నేను పెళ్లై కొత్తగూడెం వచ్చాక కూడా, క్వార్టర్ రేకుల మీద చినుకు పడితే కిటికీ దగ్గరికి పరిగెత్తేదాన్ని. మా ఆయన ఎగతాళి చేసేవాడు. చేయనీ. నా తిండి ఎక్కడినుంచి వచ్చిందో మరిచిపోనివ్వని ఆ కంగారు ఆమె పెట్టిన భిక్షే.

పెద్దకర్మ నాడు గట్టి జల్లు పడి నేల మెత్తబడింది. ఇంటినిండా జనం. అన్నదమ్ములు చెరో మూల. ఇద్దరి మధ్య మాట మోసే మనిషి దండ వేసిన ఫోటోలో ఉంది. "ఇగ గట్టు పోసుకొని ఎవరిది వాళ్లు దున్నుకుంటే నయం, రేపు పిల్లలకు లొల్లి ఉండది" అన్నాడొక పెద్దమనిషి. ఇద్దరూ ఔననలేదు, కాదనలేదు. తెల్లారి బస్సెక్కాల్సినదాన్ని ఎక్కలేకపోయాను.

తెల్లారి పెద్దనాన్న అరక కట్టాడు. నేను వెనకే పోయి చేను చివర నిలబడ్డాను. ఎడ్లను వాలుకు అడ్డంగా తిప్పి మొదటి సాలు పట్టాడు. హద్దు దాకా వచ్చి ఆగిపోయాడు. అవతల తన ముక్కలో నాన్న, చేతులు కట్టుకుని. ఎడ్లు తలలు విదిలిస్తున్నాయి, పడమట మబ్బు నల్లబడుతోంది. పెద్దనాన్న నోరు తెరవడు, నాగలి మేడి వదలడు. ఎవరో ఒకరు మాట్లాడి చావండి అని అరవబోయాను.

నాన్న వచ్చి ఎద్దు ముకుతాడు పట్టుకున్నాడు. "నడువ్ అన్నా, వాన వస్తున్నది" అన్నాడు.

నాన్న ముందు ఎడ్లను పట్టి నడుస్తుంటే, పెద్దనాన్న వెనక మేడి మీద చెయ్యేసి ఏడుస్తూ నడిచాడు. కొయ్యకాళ్ల మధ్యనుంచి ఆ సాలు అవతలి చివరిదాకా పోయింది.