కే.జీ. కండిగైలో కానుగచెట్టుకు కేబుల్ కట్టించిన రోజు

"కానుగ చీలిపోయింది, రేపు పొద్దున్నే కొట్టేస్తారంట" అని అక్క తెల్లారకముందే ఫోను చేయకపోయి ఉంటే, ఆ శుక్రవారం నేను తిరువళ్ళూరు దాటేదాన్నే కాదు. తిరుత్తణి దగ్గర కే.జీ. కండిగైలో అక్కవాళ్ళది మగ్గాల ఇల్లు. ఇంటి ముందరి కానుగ నీడలోనే బావ పడుగు నూలు పొడుగ్గా చాపి గంజి పెడతాడు. ఎర్రటి ఎండలో ఆరితే నూలు పెళుసెక్కి, మగ్గం మీద పోగులు తెగుతాయి. ఆ చెట్టు మనిషెత్తులో రెండు కొమ్మలుగా విడిపోయి పెరిగింది. మొన్నటి గాలివానకు సరిగ్గా ఆ పంగలోనే పగిలి, ఒక కొమ్మ పక్కింటి దామోదరమామ పెంకుల మీదికి వాలింది. ఆయన అప్పుడే గొడ్డలివాళ్ళను పిలిచేశాడు. చెట్టు పడదని సాయంత్రంలోగా ఆయనకు చూపించాలి.

మా వీధిలో ఒక చెట్టుకు ఇనుప కేబుల్ కట్టి నిలబెట్టిన సామ్యేలును వెంటబెట్టుకుని వెళ్ళాలనుకున్నాను. ఎనిమిదింటి లోకల్ బండికి రమ్మంటే, వాషర్లు కొనడానికి పోయి ఎనిమిదిన్నరకు వచ్చాడు. తర్వాతి బండికి గంటసేపు ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. టికెట్ పది రూపాయలే, ప్రయాణం గంటలోపే. తిరుత్తణిలో ఆడవాళ్ళకు టికెట్ లేని టౌన్ బస్సు ఉంది కానీ, సామ్యేలు చేతిలోని పొడుగాటి కమ్మిని చూసి కండక్టరు ఎక్కనివ్వలేదు. ఆటో అతను రెండు వందలు అడిగాడు.

"ఈ కమ్మి ఎవురి కంట్లో పొడిచేదానికక్కా?"

"చెట్టుకు."

"చెట్టుకు ఆపరేషనా? అయితే ఇంకో యాభై ఇయ్యి" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

పదకొండున్నరకు చేరేసరికి బావ మాకంటే ముందే వైద్యం చేసేసి ఉన్నాడు. పడుగు లాగి కట్టే తాడును పగులుకు జానెడు పైన నాలుగు చుట్లు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టాడు. బెరడు నలిగి తడి ఊరుతోంది.

"ఎంత బిగించినానో చూడు సరోజా, వేలు గూడా దూరదు."

"ఇప్పు మామా దాన్ని" అన్నాడు సామ్యేలు.

"ముప్పై ఏండ్లుగా నూలు బిగిస్తా ఉండాను. బిగువంటే ఏందో నాకు చెప్తావా?"

"నూలు లావెక్కదు మామా, చెట్టు లావెక్కతాది. ఈ తాడు దాని గొంతు కోస్తాది."

"వదులుగా కడితే అదేం కట్టు?"

అక్క గుమ్మంలోంచే అంది: "ఉన్న మగ్గాలు చాల్లేదని చెట్టును గూడా మగ్గమెక్కించినాడు."

ఇలా ముప్పావు గంట. చివరికి నాకే ఓపిక పోయింది. "బావా, రేపు చెట్టే లేకపోతే నీ బిగువు యాడ చూపిస్తావు?" అన్నాను. సామ్యేలు ముందుగా పైన ఒక తాడు కట్టి ఆసరా ఇచ్చాకే బావ తన ముడి విప్పాడు. డ్రిల్లు పెట్టబోతే కరెంటు పోయింది. రెండున్నరకు వచ్చింది.

అప్పుడు పని చకచకా సాగింది. పంగ దగ్గర రెండు కొమ్మలకూ అడ్డంగా తొలిచి, కమ్మి దూర్చి, రెండు వైపులా వాషర్లు వేసి నట్లు బిగించాడు. తర్వాత పైకెక్కి, పంగ నుంచి చిటారుకు మూడింట రెండు వంతుల ఎత్తులో కొక్కేల బోల్టులు దించి, వాటి మధ్య కేబుల్ లాగాడు. కేబుల్ వేలాడకూడదు, చెట్టు ఊగకుండా పట్టేయనూ కూడదట. పెంకుల మీదికి వాలిన రెమ్మలు కోసి బరువు తగ్గించాడు. సామాన్లకూ కూలికీ కలిపి ఆరున్నర వేలు.

ఐదింటికి దామోదరమామ వచ్చాడు. "గాలొస్తే?" అన్నాడు. సామ్యేలు వాలిన కొమ్మకు తాడు వేసి, బావా తనూ కలిసి గట్టిగా ఊపారు. ఆకులన్నీ గలగలమన్నాయి. మామ చెయ్యి చాచి పగులు దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. అది తెరుచుకోలేదు. ఫోను తీసి, గొడ్డలివాళ్ళను రావద్దన్నాడు. మా వైపు తిరిగి, "ఆగస్టులో ఆడి నెల గాలి పోయేదాకా చూస్తా. పగులు కదిలిందో, నేనే కొట్టేస్తా" అన్నాడు.

తిరుగు బండిలో లెక్క వేసుకుంటే, చెట్టు పని రెండున్నర గంటలు. వాషర్లకూ కండక్టరుకూ బావకూ కరెంటుకూ పోయింది అంతకు రెట్టింపు. కేబుల్ వదులుగా ఉందని బావ ఇప్పటికీ గొణుగుతున్నాడట, ఆ నీడలోనే పడుగు చాపుకుంటూ. ఇలాంటి పనికి బయల్దేరేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: పని తెలిసిన మనిషి వచ్చేదాకా చెట్టుకు ఏదీ చుట్టవద్దు. పని అయ్యాక పగులుకు అటొకటి ఇటొకటి రంగు చుక్కలు పెట్టి, మధ్య దూరాన్ని వారానికోసారి టేపుతో కొలవండి. అక్క ప్రతి ఆదివారం కొలుస్తోంది, పక్కన దామోదరమామ నిలబడి చూస్తుండగా. తొలిరోజు ఆరు సెంటీమీటర్లు. ఈ ఆదివారమూ ఆరే.