ఎక్కడికెళ్లారో రాయలేదు

మా ఆయన చనిపోయిన ఏడాది మనిషి మాట కోసం మొహం వాచిపోయాను. ఆఫీసు నుంచి వచ్చి తలుపు వేసుకుంటే, మళ్లీ పొద్దున టీకొట్టు దాకా వెళ్లేవరకు నాతో మాట్లాడే దిక్కు లేదు. అందుకే ఇక్కడ బర్మాలో మా తెలుగు చర్చిలో ఒక రిటైరైన టీచరుగారు, "నాకు సూపు ఆనట్లేదు. ఆదివారాలొచ్చి పుస్తకం సదివి పెడతావేటమ్మీ?" అనగానే ఒప్పుకున్నాను.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా సర్కారు బళ్లలో బర్మా పిల్లలకి చరిత్ర చెప్పారు. ఇప్పుడు మా నగరంలోనే తామ్వే పేటలో ఒక్క గదిలో ఉంటున్నారు. ఆ పుస్తకం ఎప్పుడో ఫుట్‌పాత్ మీద కొన్నది, రెండు వందల ఏళ్ల కిందటి ఒక అమెరికా జనరల్ జీవితం. నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేదాన్ని.

కుర్రతనంలోనే సైన్యంలో చేరాడట. సరిహద్దు అడవుల్లో, నది ఒడ్డున దుంగలతో కోటలు కట్టించాడు. ఒక కోట పూర్తయ్యేసరికి ఇంకా పడమటికి బదిలీ. కూతురు జ్వరంతో చనిపోయిందన్న ఉత్తరం అతనికి చాలా వారాల తర్వాత అందింది.

"నాకూ అంతే," అన్నారు టీచరుగారు. "మాయమ్మ పోయిందని కబురందీతలికి పాతిపెట్టీసి వారమైపోనాది."

తర్వాతి అధ్యాయంలో అతను నది పక్కన ఉండే తెగలవాళ్ల చేత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించి, ఊళ్లు ఖాళీ చేయించాడు. పని గొడవ లేకుండా ముగించాడని మెచ్చుకుంటూ రాశారు.

"మరాళ్లు ఎక్కడికెలిపోనారు?"

"రాయలేదండీ."

"మళ్లీ సూడు."

చూశాను. తర్వాతి పేజీలో అతనికి హోదా పెరిగింది, విందు జరిగింది. అంతే.

ఆవిడ పుస్తకం మూసెయ్యమన్నారు. తర్వాత అన్నారు: "నన్నోపాలి కొండల్లో బడికేసినారు. సెలవులకి ఇక్కడికొచ్చి తిరిగెల్తే, నా నాలుగో తరగతిలో ఒక్క పిల్లా లేదు. ఊరు ఊరంతా ఖాళీ చేయించీసినారు. నా సేతికి బదిలీ కాయితం ఇచ్చినారు. పుచ్చుకుని వచ్చీసినాను. పిల్లలేమైపోనారని ఎవుర్నీ అడగలేదమ్మీ."

ఆ పిల్లల్ని వెతుకుదామా అని అడిగి, ఆవిడ సరేనన్నాకే ఊరి పేరు, బడి పేరు రాసి, ఆవిడ దగ్గరున్న తరగతి ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టాను. నెల తిరక్కుండానే నగరంలోనే తాకేటా పేట నుంచి ఒకామె ఫోన్ చేసింది. కుట్టుపని చేసుకుంటుందట. ఫోటోలో రెండో వరసలో ఉన్నది తనేనంది.

ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. "సయామా," అంటూ, బర్మాలో టీచర్లని పిలిచినట్టే పిలిచి, కాళ్ల దగ్గర కూర్చుంది. టీచరుగారు ఆమె మొహం చేత్తో తడిమి చూశారు. గుర్తున్న పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పి అడిగారు. ఆమెకి ఇద్దరి సంగతే తెలుసు.

"మీరొస్తారని కొన్నాళ్లు ఎదురుచూశాం," అంది బర్మా భాషలో. ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

టీచరుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

మిగతా పుస్తకం చదవమని ఆవిడ మళ్లీ అడగలేదు. నేనే ఇంట్లో పూర్తి చేశాను. జనరల్ ఉద్యోగంలో ఉండగానే, చివరి కోటలో, తనవాళ్లెవరూ లేకుండా చనిపోయాడు. ఆ మాట ఆవిడకి చెప్పలేదు.

ఇప్పుడు ఆదివారాల్లో ఆవిడ ఆ తరగతి పిల్లల పేర్లు చెబుతారు, నేను రాస్తాను. కొన్ని వారాలు ఒక్క పేరూ గుర్తు రాదు. అప్పుడు చీకటి పడేదాకా ఇద్దరం ఊరికే కూర్చుంటాం.