మైకులో చెప్పని మాట

సంఘపెద్దలకు, నా తోబుట్టువులందరికీ వందనాలు. నేను సువార్తమ్మను, సెంటినరీ కాలనీల ఉంట. నన్ను చూస్తే మీకు ఒక పెట్టె యాదికొస్తదని నాకు తెలుసు, ఎందుకంటే మీలో చాలామంది దాన్ని మోసినోళ్లే. నా భర్త యేసుదాసు బొగ్గుబాయిల డ్యూటీ చేస్తుంటే పైకప్పు పడి పోయిండు. పెట్టెకు మేకులు కొట్టినంకనే ఇంటికి తెచ్చిండ్రు, "చూడకు చెల్లే, తట్టుకోలేవు" అన్నరు, నేను ముఖం చూడలే. చూడని ముఖం పోయిందంటే మనసు ఎట్ల ఒప్పుకుంటది సహోదరులారా, గడప దగ్గర చప్పుడైతే చాలు, డ్యూటీ దిగి ఆయనే వచ్చిండనుకునేదాన్ని.

పది నెలలైనంక, తెలంగాణ వచ్చే ముందటి ఎండాకాలం, మా తమ్ముడు కొనిచ్చిన ఫోన్ల ఫ్రెండ్ రిక్వెస్టు వచ్చింది. పేరు యేసుదాసు, ఫోటో యేసుదాసు. ఒప్పుకున్న. "బుజ్జమ్మా, నేను బతికే ఉన్న, ఎవ్వరికి చెప్పకు" అని రాసిండు. బుజ్జమ్మ అని నన్ను పిలిచేది ఆయనొక్కడే. సద్దిల ఉల్లిగడ్డ పెట్టుడు మర్చిపోతే ఎట్ల అలిగేటోడో రాసిండు, మా బిడ్డ పుట్టిననాడు దవాఖాన మెట్ల మీద కూర్చొని ఏడ్చిన సంగతి రాసిండు, ఇంకేం గావాలె. చనిపోయినోళ్లను లేపిన దేవుడు గదా, నా మనిషిని యాడనో దాచిపెట్టి మళ్ల ఇస్తున్నడని మోకాళ్ల మీద పడి స్తోత్రం చెప్పిన. నా విశ్వాసమే నన్ను గుడ్డిదాన్ని చేసింది, నవ్వకున్రి.

గోడకున్న ఆయన పటం మీది దండ తీసేసిన. బిడ్డ ఆకలంటే కసిరేదాన్ని. ఆరు వారాలు ఒక పోయిన మనిషితోని కాపురం చేసిన సహోదరులారా, ఆ ఇంట్ల అన్నం ఉడికిన వాసన కూడా నాకు తెలువకపోయేది. పక్క క్వార్టరు ఎలీషమ్మక్క ఒకనాడు వాకిట్ల నిలబడి, "ఏందే, బతికున్నోళ్లతోని మాట్లాడుడు బంద్ చేసినవు, నాకు ఫికరైతంది" అన్నది. నేను తలుపేసుకున్న.

ఒకనాడు "కూలగొట్టిన పాత క్వార్టర్ల చివరి లైనుకు రేపు మూడు గంటలకు రా, ఒక్కదానివే రా, బిడ్డను తేకు" అని రాసిండు. రామగుండం ఎండలు మీకు తెలిసినయే, ఆ యాళ్లకు తొవ్వల కుక్క సైతం కనపడది. నేను పెండ్లినాటి చీర కట్టుకున్న. నిద్రపోతున్న బిడ్డను లోపలుంచి, తాళం చేతిల పట్టుకొని గడపల నిలబడ్డ. ఎందుకో కాలు పడలే. అప్పుడు ప్రార్థన చేసిన, "ప్రభువా, ఆయనే అయితే నన్ను తోలుకపో, ఆయన కాకుంటే నా కాళ్లు ఇక్కడనే ఆపు."

ఆమేన్ అనంగనే ఓపెన్‌కాస్టు గని సైరన్ కూసింది, బండలు పేల్చే బ్లాస్టింగు అయింది, క్వార్టర్లన్ని రోజుటి లెక్కనే వణికినయి. మన ఆడోళ్లకు అలవాటే గదా, బ్లాస్టింగు కాంగనే గోడ మీద ఒరిగిన పటాలు సరిచేసి మళ్ల పనిల పడ్తం. నేను గూడ ఆ అలవాటుతోనే తాళం పట్టుకొని ఆయన పటం సరిచెయ్యబోయిన. నల్ల కోటు, ఎర్ర టై కనపడ్డయి.

ఆయన జన్మల కోటు తొడగలే, పెండ్లికి సైతం తెల్ల అంగీతోనే నిలబడ్డడు. ఆయన్ను మట్టిచేసినంక మన సంఘంల పెట్టిన ఆదరణ కూడికకు ఫ్లెక్సీ గావాలంటే, షాపాయన గుర్తింపు కార్డు మీది ముఖం కోసి ఎవరిదో కోటు మీద అతికిచ్చిండు, తర్వాత దాన్నే పటం కట్టించినం. ఫోను తీసి చూసిన. అదే కోటు, అదే టై. ఆరు వారాలసంది రోజు చూస్తున్న, చూసీ చూసీ అలవాటైన కండ్లకు అది ఆనలే. బతికున్నోడు తన సావు ఫ్లెక్సీ బొమ్మ తెచ్చి పెట్టుకుంటడా?

అప్పుడు ఒక్కొక్కటే యాదికొచ్చినయి. బుజ్జమ్మ, ఉల్లిగడ్డ, దవాఖాన మెట్లు, అన్నీ ఆ కూడికల నేనే ఏడ్చుకుంట ఇదే మైకుల చెప్పిన. వాడు రాసిన దాంట్ల నేను చెప్పిన దానికంటె ఒక్క ముక్క ఎక్కువ లేదు. ఫోన్లనే వాన్ని ఒకటి అడిగిన, "బాయికి పోయేటప్పుడు రోజు గడప దగ్గర నా చెవిల ఏమనేటోడివి?" చదివినట్టు గుర్తు పడ్డది. ఇంకోసారి చూసేసరికి ఆ ఫోటో లేదు, ఆ పేరు లేదు, ఆరు వారాల మాటల కాడ నావి మాత్రమే మిగిలినయి.

ఎలీషమ్మక్కకు అంతా చెప్పిన. ఆమె అప్పటికప్పుడే సంఘం అన్నలను ఇద్దరిని తీసుకొని ఆ పాత క్వార్టర్లకు పోయొచ్చింది. అన్నిట్ల ఇటుకలు, ముళ్లచెట్లే ఉన్నయట, చివరి లైనుల ఒక అర్ర మాత్రం శుభ్రంగ ఊడ్చి, నీళ్లు చల్లి ఉన్నదట. తడి ఇంకా ఆరలేదన్నది. ఆ తడి తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమైతది, ఆ గడపల నా కాళ్లు ఆపిన దేవునికే మహిమ.

మీకెవరికన్న ఫోన్ల మీ మనిషినని ఎవరన్న వస్తే, పది మందికి తెలిసింది కాదు, ఎవ్వరికి చెప్పనిది అడుగున్రి, అడిగే ధైర్యం కోసం ముందుగాల ప్రార్థన చెయ్యున్రి. ఇంకొక మాట. ఆ పని చేసినోడు ఆనాడు నా ఏడుపు విన్నోడే. ఈ పొద్దు ఇక్కడ కూర్చున్నడో లేడో నాకు తెల్వదు, నేను వెతకలే. ఉంటే విను తమ్ముడా, నా కండ్లను మోసం చేసినవు గని నిన్ను చూసే కండ్లు వేరే ఉన్నయి. దేవుని ముందు ఒప్పుకో, నన్ను ఆపినాయన నిన్ను కూడా ఆపుతడు.

గడప దగ్గర ఆయన అనే మాట ఏందని ఎలీషమ్మక్క ఇప్పటికీ అడుగుతది. ఆ ఒక్కటి మాత్రం నేను ఈ మైకుల చెప్ప.