గోదావరిలో నడక నేర్చిన కోడె

1961లో ధర్మపురికి కొద్ది దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న ఒక పశువుల దవాఖానలో డాక్టరుగా నా తొలి ఉద్యోగం. చదువు చేతినిండా ఉంది. తెలియదని ఒప్పుకునే అలవాటు మాత్రం ఇంకా రాలేదు.

ఆ చలికాలం లచ్చవ్వ అనే రైతు తన కోడెదూడను ఒంటెద్దు బండిలో తెచ్చింది. దానికి ఆరు నెలలు. రాళ్లగట్టు మీంచి జారి వెనక కాలి ఎముక విరిగింది. ఆమెకున్నది ఒక్కటే ఎద్దు. పక్కింటి ఎద్దును జత కలుపుకొని, వాళ్ల పొలం అయ్యాకే తన పొలం దున్నుకునేది. అప్పటికి అదును దాటేది. ఈ దూడ ఎదిగితే సొంత జత అవుతుందని ఆమె ఆశ.

ప్లాస్టర్ వేసి, "అవ్వా, దీన్ని లేవనియ్యకు. లేస్తే అతుకు ఊడుతది" అన్నాను. ఆమె నా మాట జవదాటలేదు. మెడతాడు పొట్టిగా కట్టి, గడ్డి నోటికందించి, పూటపూటకు పక్క మార్చి నెలన్నర పడుకోబెట్టింది.

ప్లాస్టర్ విప్పితే ఎముక చక్కగా అతికింది కానీ తొడ కండ కరిగిపోయింది. వాడని కండ ఇలా చిక్కిపోవడాన్ని మేము అట్రఫీ అంటాం. నిలబెడితే వణికి కూలబడింది. బలానికి సూదులు వేసి, మరో పదిహేను రోజులు పడుకోబెట్టమన్నాను. ఇంకా చిక్కింది.

"ఇది దున్నేటిది గాదవ్వా. ఆశ ఇడువు" అన్నాను.

"బొక్క అతికింది గద సారూ. మరి కాలు పనిజెయ్యక ఊకె ఎందుకుంటది?"

"డాక్టరు నువ్వా, నేనా?" అని కసిరి పంపేశాను.

కొన్నాళ్లకు ఆమె దూడను గంగలోకి, అంటే గోదావరిలోకి, దింపుతోందని విని, మందలిద్దామని వెళ్లాను. పొట్ట మునిగే నీళ్లలో దూడ నిలబడి ఉంది. దాని కడుపు కింద పాత చీర వేసి, ఒక పక్క ఆమె, ఇంకో పక్క ఆమె చెల్లెలు పట్టుకున్నారు. బరువు నీళ్లు మోస్తుంటే దూడ మెల్లగా అడుగులు వేస్తోంది.

"గిట్ల చెయ్యుమని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు జెప్తరు సారూ? పసిపోరడు గోడ పట్టుకొని నడుస్తడు. దీనికి గోడ లేదు, గంగ ఉన్నది."

నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి చీర కొస పట్టుకున్నాను. నెల తిరిగేసరికి దూడ ఒడ్డు మీద నడిచింది.

కారణం నాకు పదవీ విరమణ దగ్గరపడ్డాక, శాస్త్ర పత్రికలు చదువుతుంటే తెలిసింది. కండలోని ప్రతి కణానికీ సోడియం పంపులుంటాయి. కండ కదిలినప్పుడల్లా లోపలికి వచ్చే సోడియాన్ని అవి బయటికి తోడి, పొటాషియాన్ని లోపలికి చేరుస్తాయి. తోడడం సాగకపోతే కండ త్వరగా అలసిపోతుంది. పని చేసే కండలో ఈ పంపులు పెరుగుతాయి, పడుకోబెడితే తగ్గుతాయి. ఎదిగే వయసులో ఆ తేడా మరీ ముఖ్యం. రోజూ మోట తోలే బావికే మనం తాడూ బొక్కెనా సరిచూసుకుంటాం, కండ తీరూ అంతే.

మూడేళ్లకు, తొలకరి పడగానే లచ్చవ్వ కబురంపింది. వెళ్లేసరికి పాత ఎద్దు పక్కన కోడె కాడి మోస్తోంది. పక్కింటాయన జత కోసం గట్టు మీద నిలబడ్డాడు.

"మాది అయినంక తోల్కపోదువు తియ్" అంది లచ్చవ్వ, నాగలి వదలకుండానే.

ఆ తర్వాత ఏ దూడకు ప్లాస్టర్ వేసినా, లేవనియ్యకు అని చెప్పి ఊరుకోలేదు. ఎప్పుడు లేపాలో కూడా చెప్పి పంపాను. తెలియనప్పుడు, తెలియదనే చెప్పాను.